టి-34 మందం నాలుగా, తొమ్మిదా

ఆదివారం పొద్దున గుడివాడ పాసింజరు బందరు స్టేషన్లో ఆగే వేళకి కూడా నేను అంకెలు దిద్దుతూనే ఉండేవాణ్ణి. బావ రైలు దిగి, రిక్షా మాట్లాడుకుని, మాస్టారి మేడ మెట్లెక్కేలోపు ఇంకో కొట్టివేత, ఇంకో దిద్దుబాటు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడుతుండగా చివరి అంకె రాసి కలం మూసేవాణ్ణి. మూశాక మళ్ళీ అనుమానం వచ్చేది.

అవి రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన ట్యాంకుల అంకెలు. ఏ ట్యాంకు ఎంత జోరుగా పోతుంది, దాని ఉక్కు ఎంత మందం, ఈ రెండే. తొంభైల చివరి రోజుల్లో బందరులో ఈ రెండు సంగతుల గురించి అన్నం దగ్గర కూడా ఆలోచిస్తూ కూర్చున్నవాడు నేను తప్ప ఇంకొకడు ఉండి ఉండడు.

నాది పుస్తకాల బైండింగ్ పని. చదువు పదో తరగతితో ఆగిపోయింది. కాని అక్కడితో నా చదువు ఆగిందంటే ఒప్పుకోను. గ్రంథాలయం నుంచి చిరిగిపోయిన పుస్తకాలు కట్టలు కట్టలుగా మా కొట్టుకి వచ్చేవి. ఏదైనా కుట్టే ముందు చదవడం నా అలవాటు. ఇంగ్లీషు కూడా అలాగే వచ్చింది, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ. కుట్టి పంపేశాక కూడా చదవడం పూర్తి కాకపోతే సాయంత్రం గ్రంథాలయానికి వెళ్ళి, నేనే అట్ట వేసిన పుస్తకాన్ని నేనే తీసుకుని కూర్చునేవాణ్ణి.

అలా వచ్చినవాటిలో యుద్ధ చరిత్ర సంపుటాలు కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లో ఒక ఫొటో. నలుగురైదుగురు పెద్దవాళ్ళు, కోట్లు వేసుకున్నవాళ్ళు, పెద్ద బల్ల చుట్టూ వంగి నిలబడి వేలెడంత ట్యాంకుల్ని జరుపుతున్నారు. కింద రెండు వాక్యాలు ఉన్నాయి. ఇది ఒక ఆట అనీ, ప్రతి ట్యాంకుకీ దాని వేగాన్నీ కవచాన్నీ బట్టి విలువ కడతారనీ. ఆ విలువలు ఎలా కడతారో, ఆట ఎలా ఆడతారో ఎక్కడా లేదు. వెనకా ముందూ పేజీలన్నీ తిరగేశాను. లేదు. ఆ లేకపోవడమే నన్ను పట్టుకుంది.

ఫొటో తీసుకెళ్ళి మాస్టారికి చూపించాను. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, మా కొట్టు వెనక వీధిలో మేడ మీద గదిలో రోజంతా ఏదో ఒకటి చెక్కుతూ ఉండేవారు. కళ్ళజోడు పైకి తోసుకుని ఫొటో చాలాసేపు చూశారు.

"ఇవి సీసంతో పోతపోసినవోయ్. మనకి టేకు చాలు," అన్నారు.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళ దగ్గర టేకు ముక్కలు మిగులుతాయి. ఆయన గోనెసంచీతో వెళ్ళి తెచ్చుకున్నారు. ట్యాంకు గొట్టాలకి రోల్డు గోల్డు పనివాళ్ళ దగ్గర తుంపు తీగలు దొరికాయి. నెల తిరిగేసరికి కిటికీ గట్టు మీద రష్యా వాళ్ళవీ జర్మనీ వాళ్ళవీ ట్యాంకులు, మెరిసే గొట్టాలు చాచుకుని వరసగా నిలబడ్డాయి. మాస్టారి భార్యని నేను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ కాఫీ తెచ్చి వాటిని చూసి, "యుద్ధానికి వెళ్తూ నగలెందుకు పెట్టుకున్నాయండీ ఇవి?" అన్నారు.

బల్ల అంటే పడగొట్టిన ఇంటి తలుపు ఒకటి, రెండు బెంచీల మీద పరిచాం. దాని మీద మాస్టారు రష్యా వేశారు. ఆయన రష్యా ఎప్పుడూ చూడలేదు, నేనూ చూడలేదు. నీలం రంగుతో రెండు కాలవలు, వాటికి గట్లు, ఒక కరకట్ట, మధ్యలో మళ్ళు, మళ్ళకి అడ్డంగా రోడ్డు, అది కాలవ దాటేచోట వంతెన. కొండ ఒక్కటి కూడా లేదు. మాకు కొండ అంటే బెజవాడే. నేలన్నాక బల్లపరుపుగా ఉంటుంది, నీళ్ళు పైనుంచి వచ్చి సముద్రంలో కలుస్తాయి. ఎక్కడి యుద్ధమైనా మాకు అలాంటి నేల మీదే జరిగింది.

ఇద్దరం ఆడుతుంటే మూడోవాడిగా బావ చేరాడు. బావ నాకు చుట్టం కాదు. గుడివాడలో ట్రాక్టరు విడిభాగాల కొట్టు, ఊరి బయట పొలం. తన కంపెనీ కేటలాగులు ఊడిపోతే బైండింగుకి తెచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు నేను అంకెలు వేసుకుంటుంటే చూసి, ఏంటి బావా ఇది అన్నాడు. అప్పటినుంచి ఇద్దరం ఒకరికొకరం బావలమే. మాస్టారు పెద్దవారు కాబట్టి తీర్పరి అయ్యారు. బావ రష్యా తీసుకున్నాడు, నేను జర్మనీ. అది కూడా ఆయన ఎంచుకున్నదే. "రష్యాలో ట్రాక్టర్లు చేసినవాళ్ళే ట్యాంకులు చేశారన్నావుగా. ఇంక నాకెందుకు జర్మనీ?" అన్నాడు.

ఆట చాలా సులువు. వేగం అంకె ఎంతుంటే బల్ల మీద అన్ని అంగుళాలు ట్యాంకు జరుగుతుంది. దెబ్బ కొట్టాలంటే ఆరు గవ్వలు వేస్తాం. వెల్లకిలా పడినవాటికి నాలుగు కలిపితే ఎదుటి ట్యాంకు మందాన్ని దాటాలి. దాటితే అది పోయినట్టు. ఆ నాలుగు గొట్టం బలం. గొట్టాల గురించి నాకు సరైన పుస్తకం దొరకలేదు కాబట్టి అందరికీ ఒకటే పెట్టాం. మందం అంకె పది మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున. ఎదర ఒకటి, పక్క ఒకటి. నా పాంజర్ ఫోర్‌కి ఎదర ఎనభై, అంటే ఎనిమిది, పక్క మూడు. బావ టి-34కి ఎదరా పక్కా నలభై అయిదే, పైన అయిదు వదిలేస్తే నాలుగు.

ఇలా చెబుతుంటే అంతా ఒక పూటలో కుదిరినట్టుంది. కుదరలేదు. ఒక పుస్తకంలో మైళ్ళు, ఇంకోదాంట్లో కిలోమీటర్లు. ఒకదాంట్లో యుద్ధం మొదట్లో లెక్క, ఇంకోదాంట్లో చివర్లో లెక్క. అదే ట్యాంకు రెండు పుస్తకాల్లో రెండు వేగాలతో పరిగెత్తేది. ఏది నిజం? నేను కుట్టుపని చేస్తూనే మనసులో తూకం వేసుకునేవాణ్ణి. సూది వేలికి గుచ్చుకునేది. శనివారం సాయంత్రం ఒక అంకె ఖాయం చేసుకుని పడుకుంటే ఆదివారం పొద్దున దాని మీద నమ్మకం పోయేది.

కొన్నిసార్లు మార్పు బావ నోటినుంచే వచ్చింది. మొదటి నెల్లోనే ఆయన ట్యాంకుని మడిలోకి దింపి, "ఇది రోడ్డు వేగం గదా?" అన్నాడు.

"అవును. పుస్తకంలో ఉంది."

"మా ట్రాక్టరు రోడ్డు మీద ఎంత పోతుందో దమ్ములో అంత పోతుందా? ఇనప చక్రాలు వేసినా నడుం లోతు దిగబడి మూలుగుతూ ఉంటది. నీ పుస్తకం రాసినాయన మడిలో దిగాడా?"

"నేను పుస్తకం చూసే చెబుతున్నాను బావా."

"నేనూ మడి చూసే చెబుతున్నాను."

మాస్టారు బావ వైపే తీర్పు ఇచ్చారు. నేను గ్రంథాలయానికి వెళ్ళి వెతికితే నిజంగానే ఇంకో పుస్తకంలో పొలాల్లో వేగం వేరేగా ఉంది. టి-34 గొలుసు పట్టాలు వెడల్పు, అందుకని బురదలో తక్కువ దిగబడుతుందని కూడా ఉంది. దానికి దమ్ములో ఆరంగుళాలు ఇచ్చి, నా పాంజర్‌కి మూడే ఇచ్చాను. అలా దిద్దుకోవడం నాకు నచ్చింది. అదీ చిక్కు. నచ్చడంతో ఆగలేకపోయాను.

వాలు సంగతి కూడా ఆ రోజుల్లోదే. టి-34 ఎదర రేకు నిలువుగా ఉండదు, తాటాకింటి చూరులా బాగా వెనక్కి వాలి ఉంటుంది. మాస్టారు బొమ్మ చెక్కుతూ, ఇలా ఎందుకు పెట్టారోయ్ అని అడిగారు. మా దగ్గర ఏదైనా వాలుగా కట్టారంటే నీళ్ళు జారిపోవడానికే. అంతకంటే ఇంకో కారణం ఉంటుందని నాకు తట్టనే లేదు.

"రష్యాలో మంచు ఎక్కువండీ. పైన పేరుకోకుండా జారిపోవాలి గదా," అన్నాను.

మాస్టారు తలూపారు. బావ కూడా తలూపి, "చలిదేశం గదా పాపం," అన్నాడు. అలా ఆ వాలుకి విలువ ఏమీ లేకుండా పోయింది. నలభై అయిదు మిల్లీమీటర్లు, నాలుగు. ఆ నాలుగుతో బావ ప్రతి ఆదివారం ఓడిపోయేవాడు. ఆయన కొట్టాలంటే ఆరు గవ్వల్లో ఐదు వెల్లకిలా పడాలి. నేను కొట్టాలంటే ఒక్కటి పడితే చాలు. ఆయన వారమంతా కొట్లో కూర్చుని ఎత్తులు ఆలోచించుకుని వచ్చేవాడు. మధ్యాన్నం భోజనాల వేళకి ఆయన ట్యాంకులన్నీ పక్కకి పడుకుని ఉండేవి.

"మీవాళ్ళకి జ్వరం వచ్చిందా?" అనేవారు పిన్నిగారు కంచాలు పెడుతూ.

ఓడిపోవడం ఆయన పట్టించుకోలేదు. ఆయనకి కోపం తెప్పించింది వేరే. ఒక ఆదివారం కరకట్ట పక్కనుంచి రోడ్డు మీదుగా ఒకే ఎత్తులో వంతెన దాకా వచ్చే పథకం వేసుకుని వచ్చాడు. మొదటి ట్యాంకు జరిపి, అంగుళాల బద్ద పెట్టి చూసుకుంటే వంతెనకి ఇవతలే ఆగింది. నేను ఆ పొద్దునే దాని రోడ్డు వేగం పదకొండు నుంచి పదికి దించాను. కొత్తగా చూసిన పుస్తకంలో అలా ఉంది.

బావ బద్ద కింద పెట్టాడు. నెమ్మదిగానే మాట్లాడాడు.

"మాస్టారూ, నేను పాసింజరెక్కి వచ్చేది ఆడటానికండీ. ఈయన వారం వారం పరీక్ష పేపరు మారుస్తన్నాడు."

"నిజం ఏదో తేలాలి గదా బావా," అన్నాను.

"తేల్చుకో. వచ్చే ఆదివారం దాకా టైమిస్తున్నా. మొత్తం తేల్చి రాసి, మాస్టారి చేత సంతకం పెట్టించు. ఆ తరవాత ఒక్క అంకె కదిలినా నేను రాను. గుడివాడలో నాకు పేకాట లేదా, సినిమా హాళ్ళు లేవా?"

ఆయన ఊరికే బెదిరించే మనిషి కాడు. పార్టులు సరిగ్గా పంపలేదని ఒక కంపెనీ డీలర్షిప్పే వదిలేసుకున్నవాడు. ఆయన రాకపోతే ఆట ఆగిపోతుంది. నేనూ మాస్టారూ ఇద్దరమే ఆడి చూశాం, తీర్పు చెప్పేవాడు లేక గంటలో తగువొచ్చింది. ఆ సాయంత్రం కొట్టుకి నడిచి వెళ్తూ నాకు అర్థమైంది, నేను చదివిన చదువుని ఈ ఊళ్ళో ఎవరైనా అడిగి తెలుసుకునే చోటు ఆ తలుపుచెక్క ఒక్కటే అని. మిగతా అంతటా నేను అట్టలు వేసేవాణ్ణి. అక్కడ మాత్రం, ఏదైనా తగువొస్తే, "పుస్తకం ఏమంటోంది?" అని ఇద్దరూ నా మొహం చూసేవాళ్ళు.

వారం రోజుల్లో తేలాలి. బందరులో ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాయి. అవనిగడ్డలో ఒకటి ఉందని గ్రంథాలయంలో ఒకాయన చెప్పాడు. ఉప్పెన తరవాత దివిసీమకి ఎక్కడెక్కడినుంచో సాయం వచ్చినప్పుడు బట్టలతో, పాలపొడి డబ్బాలతో పాటు పుస్తకాల పెట్టెలు కూడా వచ్చాయట. వాటిలో ట్యాంకుల పుస్తకం ఒకటి చూసినట్టు గుర్తన్నాడు. ఇళ్ళు కొట్టుకుపోయినవాళ్ళకి ట్యాంకుల పుస్తకం ఎవరు పంపారో, ఏమనుకుని పంపారో. నాకోసమే పంపినట్టు అనిపించింది. మర్నాడు కొట్టుకి సెలవు చెప్పి బస్సెక్కాను.

పులిగడ్డ అక్విడక్టు దాటుతున్నప్పుడు కూడా కాలు ఆడిస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన నా మోకాలి మీద చెయ్యేసి, "ఎవరికన్నా సీరియస్సా బాబూ?" అని అడిగాడు. కాదండీ అన్నాను. ఏం చెప్పను.

అవనిగడ్డ గ్రంథాలయం ఆయన అడుగు అరలోంచి పుస్తకం తీసి, దుమ్ము కొట్టి ఇచ్చాడు.

"వచ్చిన దగ్గర్నుంచి దీన్ని చెదలు తప్ప ఎవరూ అడగలేదండీ. మీరు మిలిటరీయా?"

"కాదండీ. బైండింగు."

"అయితే పనిలో పనిగా దీని అట్ట కూడా చూడండి," అన్నాడు.

చూశాను, అట్ట బాగానే ఉంది. లోపల ట్యాంకులు ఒక్కోదానికి ఒక్కో పేజీ. నా అంకెలు చాలావరకు సరిపోయాయి. ప్రాణం కుదుటపడింది. టి-34 పేజీ దగ్గర మాత్రం నలభై అయిదు అని ఉండి, పక్కనే తొంభై అని ఉంది. మధ్యలో ఒక మాట, సమానం అనే అర్థం వచ్చే మాట. కింద ఒక బొమ్మ. నిలువుగా ఉన్న రేకులోకి ఒక బాణం నేరుగా దూరింది. పక్కన వాలుగా ఉన్న రేకులోకి అలాంటి బాణమే దూరింది. నలభై అయిదు తొంభైకి ఎలా సమానం అవుతుంది? రెండు రకాల మోడళ్ళు కాబోలు అనుకున్నాను. రెండో మోడల్ ఏ సంవత్సరందో వెతికాను. లేదు. బొమ్మ ఉన్నదున్నట్టు కాగితం మీద వేసుకుని, అర్థం కాని దాన్ని జేబులో పెట్టుకుని మధ్యాన్నం బస్సెక్కాను. కుదుటపడిన ప్రాణం మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టింది.

చల్లపల్లి దగ్గర బస్సు ఆగిపోయింది. పొలాలకి నీళ్ళు దాటించే తూము కోసం రోడ్డుకి అడ్డంగా తవ్వారు. సిమెంటు గొట్టాలు పక్కన పడి ఉన్నాయి. పని అయ్యేదాకా దారి లేదు. అందరం దిగి నిలబడ్డాం. రైతు ఒకాయన మేస్త్రీతో వాదిస్తున్నాడు. తన పొలానికి నీళ్ళు పారే బోదె అవతల కొంచెం పక్కకి ఉందట. గొట్టాలు నేరుగా కాకుండా ఐమూలగా వెయ్యమంటాడు.

"ఐమూలగా వేస్తే ఇవి చాలవండీ. ఇంకో గొట్టం కావాలి," అన్నాడు మేస్త్రీ.

"రోడ్డు వెడల్పు పెరిగిందా ఏంటి?"

"పెరగలేదండీ."

"మరి?"

"మరేముందండీ, అడ్డంగా దాటితే ఇంత. ఐమూలగా దాటితే అంత."

"గొట్టాలమ్ముకునే తెలివితేటలు," అని రైతు విసుక్కుని గొట్టం తేవడానికి మనిషిని పంపాడు.

జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. జేబులోంచి కాగితం తీశాను. నేరుగా దూరిన బాణం, వాలు రేకులో దూరిన బాణం. రేకు మందం పెరగలేదు. దాన్ని దాటే దారి పెరిగింది. గుండు నేరుగా ఎదరనుంచి వస్తుంది, రేకు వాలి ఉంటుంది, కాబట్టి అది ఉక్కులో ఐమూలగా పోవాలి. నలభై అయిదు మందం రేకులో తొంభై దారి. వాన కోసం కాదు, మంచు కోసం కాదు. నాలుగు కాదు, తొమ్మిది.

బస్సు కదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది. నేను నడిచి పోదామా అనుకున్నాను. బందరు దాకా నడిచేంత పిచ్చి లేదు గాని, నిలబడలేకపోయాను. తవ్విన గొయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను.

తేలాల్సింది తేలింది. కాని ఇది తేలకుండా ఉంటే బాగుండేది కూడా. టి-34 ఒక్కటే కాదు, వాలు ఉన్న ప్రతి ట్యాంకూ మళ్ళీ వెయ్యాలి. అమెరికా నుంచి రష్యాకి వచ్చిన షెర్మన్ మారుతుంది, నా పాంథర్ మారుతుంది. బావకి చెప్పిన అంకెలు కదులుతాయి, అది కూడా ఒకటీ అరా కాదు, రెట్టింపు. గడువు లోపలే తేల్చినా, ఇన్నాళ్ళూ తప్పు అంకెతో ఓడించానని తెలిస్తే ఆయన మళ్ళీ రైలెక్కుతాడా?

బందరు చేరగానే నేరుగా మాస్టారి మేడ ఎక్కాను. ఆయన మూలమట్టం, కోణమానిని తీసి కాగితం మీద గీశారు. పుస్తకంలో ఉన్న వాలుకి రేకు గీసి, దానిలోంచి బాణం గీసి, బద్ద పెట్టి కొలిచారు. మళ్ళీ కొలిచారు.

"సరిగ్గా రెట్టింపోయ్," అన్నారు.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ? చెబితే ఆయన రాడు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఆట జరుగుతుంది. తప్పుగా జరుగుతుంది."

మాస్టారు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు. "నేను సంతకం పెట్టాల్సినవాణ్ణి. నాలుగు కింద పెట్టలేను, గీత చూశాను గదా. మిగతాది మీ బావామరదుల మధ్య," అన్నారు.

ఆదివారం నేను స్టేషనుకే వెళ్ళాను. మెట్లెక్కి చెప్పుల చప్పుడు చేసేదాకా ఆగే ఓపిక లేదు. బావ రైలు పెట్టె దిగుతుండగానే చెప్పేశాను. రిక్షాలో వస్తూ మొత్తం చెప్పాను, తూము గొట్టాలు, ఐమూల, మాస్టారు గీసిన గీత. ఆయన రోడ్డు వైపు చూస్తూ విన్నాడు.

"అంటే నీ మంచు?"

"మంచు కాదు."

"చలిదేశం అని జాలిపడ్డాను నేను." నా వైపు తిరిగి, "ఎన్ని ఆదివారాలు ఓడిపోయానో లెక్కుందా నీ దగ్గర?"

"లేదు బావా."

"నా దగ్గర ఉంది. మా ఆవిడ దగ్గరా ఉంది. గెలిచారా అని అడగడం మానేసింది."

మేడ మీదకి వచ్చాక మాస్టారు కొత్త కాగితం ముందు పెట్టారు. టి-34 ఎదర తొమ్మిది. కింద సంతకానికి చోటు. ఆయన తిరిగి పాసింజరెక్కేస్తాడనే నేను అనుకున్నాను. మాస్టారూ అదే అనుకున్నారు, నన్ను చూడకుండా కిటికీ వైపు చూశారు. బావ కాగితం చదివాడు, వెనక్కి తోశాడు.

"వద్దు."

"ఏం బావా? నీకే లాభం గదా."

"అదే వద్దనేది. ఇప్పుడు తొమ్మిది తీసుకుని గెలిస్తే ఏమంటారు? అంకె మారింది, గెలిచాడంటారు. ఇన్నాళ్ళూ నాలుగు మీద ఓడిపోయాను. నాలుగు మీదే గెలిచి చూపిస్తాను. అప్పటిదాకా దీన్ని ముట్టుకోవద్దు."

"కాని అది తప్పు బావా," అన్నాను.

"తప్పయితే నీకేంటి? చచ్చేది నా ట్యాంకులు."

మాస్టారు నవ్వు ఆపుకుంటూ గవ్వలు అందించారు.

ఆ తరవాత ఆడిన ఆటల్లో నేను పడిన అవస్థ ఆయన పడలేదు. గవ్వలు వేస్తాను. ఒకటి వెల్లకిలా పడుతుంది. రూలు ప్రకారం ఆయన ట్యాంకు పోయింది. నిజం ప్రకారం పోలేదు. ఆరింటికి ఆరూ పడితే గాని పోకూడదు. నేను దాన్ని పక్కకి పడుకోబెట్టాలి. చేతులొచ్చేవి కావు.

"తియ్యి బావా. పోయింది గదా," అనేవాడాయన.

"పోలేదు అసలు."

"రూలు ప్రకారం పోయింది. తియ్యి."

గెలిచి ఇంటికి వస్తే అన్నం సహించేది కాదు. కుట్టుపని చేస్తూ, ఇవ్వాళ నిజంగా అయితే ఏది మిగిలేది, ఏది పోయేది అని మళ్ళీ మొత్తం ఆట మనసులో ఆడుకునేవాణ్ణి. అలా ఆడుకుంటే ప్రతిసారీ నేనే ఓడిపోయేవాణ్ణి. సరైన అంకె చేతిలో పెట్టుకుని తప్పు అంకెతో గెలవడం కన్నా విసుగు ఇంకొకటి లేదు. ఒకసారి కావాలని ఎత్తు తప్పు వేశాను. బావ వెంటనే పట్టుకున్నాడు.

"అది వెనక్కి తీసుకుని సరిగ్గా ఆడు. నాకు భిక్షం వెయ్యకు."

వానాకాలం మొదలైంది. ఆయన పొలంలో దమ్ములు, కొట్లో గిరాకీ. అయినా వచ్చాడు, గోళ్ళలో బురద అలాగే ఉంది. ఆ ఆదివారం ఆయన రోడ్డు వదిలేశాడు. వంతెన వదిలేశాడు. రెండు ట్యాంకులు రోడ్డు మీద నిలబెట్టి, నేను వాటిని కొడుతుంటే కొట్టనిచ్చాడు. మిగతా అన్నిటినీ మళ్ళలోకి దింపాడు. దమ్ములో ఆరంగుళాలు, ఆరంగుళాలు. నా పాంజర్లు తిరగాలంటే మూడు. నేను ఎదర ఎనిమిది పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఆయన కాలవ గట్టు చాటున వెళ్ళి నా పక్కకి వచ్చాడు. పక్క మందం మూడు. గొట్టం బలమే నాలుగు. గవ్వలు ఒక్కటి కూడా వెల్లకిలా పడక్కర్లేదు.

ఒకటి తరవాత ఒకటి ఆయనే పడుకోబెట్టాడు. ఆఖరిది పడుకోబెట్టాక కుర్చీలో వెనక్కి వాలి, పిన్నిగారిని పిలిచాడు.

"ఏమండీ పిన్నిగారూ, జ్వరం తగ్గిందండి మావాళ్ళకి."

పిన్నిగారు మెట్ల దగ్గర్నుంచి బల్ల చూసి, నా వంక చూసి, "ఈయనకి వచ్చిందా?" అన్నారు.

నాకు ఓడిపోయినట్టు లేదు. ఎవరో భుజం మీదనుంచి బస్తా దించినట్టుంది. కాగితం తీసి బల్ల మీద పెట్టాను. బావ ఈసారి దాన్ని మాస్టారి వైపు తిప్పాడు.

"ఇప్పుడు పెట్టండి సంతకం. తొమ్మిదే రాయండి."

మాస్టారు పెట్టారు. ఇంక కదలకూడదని కింద గీత గీశారు.

"వచ్చే ఆదివారం నువ్వు రష్యా తీసుకో బావా," అన్నాడు బావ, చొక్కా సర్దుకుంటూ. "నాకు పాంజర్లివ్వు. తొమ్మిదిని కొట్టడం ఎలాగో ఆలోచించుకుని వస్తాను."

"ఎదరనుంచి కొట్టలేవు."

"ఎదరనుంచి ఎవరు కొడతానన్నారు?"

ఆయన పాసింజరు అందుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను బల్ల దగ్గరే నిలబడి టి-34 ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడిది నాది. ఎదర తొమ్మిది, బాగానే ఉంది. పక్కకి తిప్పి చూశాను. మాస్టారు చాలా జాగ్రత్తగా చెక్కే మనిషి. పక్క రేకు కూడా, ఎదర అంత కాకపోయినా, వాలుగానే ఉంది. దానికి నేను వేసిన అంకె నాలుగు. వాలు లెక్కలోకి తీసుకోకుండా వేసిన నాలుగు.

"మాస్టారూ," అన్నాను, "ఒక్కసారి ఆ కలం ఇస్తారా?"

మాస్టారు కలం మూసి జేబులో పెట్టుకుని, కాఫీ చల్లారిపోతుందంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.